కోట వాకిట గుర్రపు చెండాట: ఇంఫాల్‌లోని మాపల్ కాంగ్జైబుంగ్ మైదానం, దాన్ని నిలబెట్టిన జనం

లాసన్స్ బే వాసి

సభ్యులందరికీ నమస్కారం. మా అమ్మాయి ఉద్యోగం మణిపూర్ రాజధాని ఇంఫాల్‌లో కావడంతో అక్కడికి వెళ్లి పన్నెండు రోజులు ఉండి మొన్ననే విశాఖ చేరుకున్నాను. ఆ ఊరి నడిబొడ్డున, కాంగ్లా కోటను ఆనుకుని, ఒక విశాలమైన పచ్చిక మైదానం ఉంది. దాని పేరు మాపల్ కాంగ్జైబుంగ్. ప్రపంచంలో నేటికీ ఆట సాగుతున్న పోలో మైదానాలలో అన్నింటికంటె పాతదని దానికి పేరు.

నేనున్న రోజుల్లో అక్కడ ఒక ఆట చూశాను. ఆటకంటె చూసేవాళ్లే నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నారు. పోలో అనగానే మనకు రాజకుమారులు, సైనికాధికారులు, గొడుగుల కింద కూర్చున్న సంపన్నులు గుర్తుకు వస్తారు. అక్కడ నా పక్కన కూర్చున్న ముసలామె బజారులో అమ్మగా మిగిలిన ఆకుకూరల బుట్టను ఒడిలో పెట్టుకుని, ఏ గుర్రం ఏ వాడదో, దాని మీదున్న కుర్రవాడు ఎవరి మనుమడో మా అమ్మాయికి వివరంగా చెబుతోంది. నేను చూసిన ఏ క్రికెట్ మైదానంలోనూ ప్రేక్షకులకు ఆటతో ఇంత దగ్గరి చుట్టరికం కనబడలేదు.

అందుకే ఈ చర్చ మొదలుపెడుతున్నాను. నగరం మధ్యలో అంత విలువైన నేల ఇన్ని తరాలు ఖాళీగా, ఆటకోసమే ఎలా మిగిలింది? దాన్ని కాపాడింది రాజులా, ప్రభుత్వమా, లేక మరెవరైనానా? తెలిసిన పెద్దలు చెప్పగలరు.


గోపాలపట్నం మాజీ జవాను

నమస్కారం అండీ. నేను 1980లలో ఇంఫాల్ లోయలో నాలుగేళ్లు ఉద్యోగం చేశాను. ముందుగా మాటలు విడదీసి చెబుతాను, వాటిలోనే సగం చరిత్ర ఉంది. ఆ లోయ జనం మాట్లాడే మైతై (మణిపురీ) భాషలో సగోల్ అంటే గుర్రం. కాంగ్జై అంటే కర్రతో బంతిని కొట్టే ఆట. కాబట్టి సగోల్ కాంగ్జై అంటే గుర్రమెక్కి ఆడే కర్రాబంతి. కాంగ్జైబుంగ్ అంటే ఆ ఆట ఆడే బయలు. మానుంగ్ అంటే లోపలి, మాపల్ అంటే బయటి. కోట లోపల రాజకుటుంబీకులూ పెద్ద ఉద్యోగులూ ఆడుకునే మానుంగ్ కాంగ్జైబుంగ్ ఒకటి ఉండేది. మీరు చూసినది కోట బయట, ఊరి జనానికి చెందినది. ఈ తేడాను మనసులో ఉంచుకుంటే మీరు అడిగిన ప్రశ్నకు సగం జవాబు దొరుకుతుంది.

వాళ్ల పాత పద్ధతిలో జట్టుకు ఏడుగురు. గోలు స్తంభాలు ఉండవు. మైదానం చివరి గీతను బంతి దాటితే చాలు. గాలిలో వచ్చే బంతిని చేత్తో పట్టుకుని, గుర్రాన్ని పరుగెత్తిస్తూనే దాన్ని ఎగరవేసి కొట్టడానికి కూడా ఆ పద్ధతి ఒప్పుకుంటుంది. బంతి వెదురు దుంపతో చేసినది, కర్ర పేముతో చేసినది. రౌతు తలపాగా చుట్టుకుని, కాళ్లకు దట్టమైన కాపు కట్టుకుంటాడు. గుర్రానికి కళ్లూ చెంపలూ దెబ్బ తినకుండా ఊలు కుచ్చులు వేలాడదీస్తారు. ఆ కుచ్చులు ఊగుతుండగా పద్నాలుగు గుర్రాలు ఒకే బంతి మీదికి వచ్చే దృశ్యం నాకు ఈనాటికీ కళ్లకు కట్టినట్టుంది.

ఆడేవాళ్లు ఎవరంటే, రైతులు, బడిపంతుళ్లు, పోలీసులు, చిన్న దుకాణాల వాళ్లు. మా శిబిరానికి పాలు పోసే ఆయన దగ్గర ఒక గుర్రం ఉండేది. ఆట లేని రోజుల్లో దాన్ని చిత్తడి నేలల్లోకి మేతకు వదిలేసేవాడు. ఆట ముందురోజు సాయంత్రం వెళ్లి వెతికి తెచ్చుకునేవాడు.


పెదవాల్తేరు మాస్టారు

మంచి చర్చ మొదలుపెట్టారు. వయసు సంగతి కాస్త జాగ్రత్తగా చూద్దాం, ఎందుకంటే ఇటువంటి చోట్ల భక్తి ఒక లెక్క చెబుతుంది, రాత ఇంకొక లెక్క చెబుతుంది, రెండింటినీ కలిపేస్తే రెండింటికీ అన్యాయం జరుగుతుంది.

మణిపూర్ రాజుల దినచర్య గ్రంథం చైతారోల్ కుంబాబా. అది క్రీ.శ. 33లో నోంగ్డా లైరెన్ పాఖాంగ్బా సింహాసనం ఎక్కడంతో మొదలవుతుంది, ఆటకు కూడా అప్పటినుంచే వయసు లెక్కగడతారు. ఆ గ్రంథం తొలి భాగం 18వ శతాబ్దంలో భాగ్యచంద్ర మహారాజు కాలంలో తిరిగి రాయించినది కాబట్టి, మొదటి శతాబ్దపు సంగతులను శాసనంలాగ కాక ఒక జాతి తన గురించి తాను దాచుకున్న జ్ఞాపకంలాగ చదవడం మేలు. ఖాగెంబా రాజు కాలానికి (1597–1652) వచ్చేసరికి నేల గట్టిపడుతుంది. ఆట ఒక క్రమానికి వచ్చింది ఆయన ఏలుబడిలోనని చెబుతారు. అంత తక్కువ లెక్క వేసుకున్నా నాలుగు వందల ఏళ్ల ఆట అది. ఇక పురాగాథ అయితే, ఈ ఆటను మొదట దేవతలే ఏడుగురు చొప్పున రెండు జట్లుగా ఆడారనీ, ఒకవైపు మార్జింగ్, మరొకవైపు థాంగ్జింగ్ నిలిచారనీ చెబుతుంది. మార్జింగ్ గుర్రాలకూ పోలోకూ దేవుడు. ఆయన కొండ ఇంఫాల్ దగ్గర హైంగాంగ్‌లో ఉంది.

తెలుగువాడిగా ఒక మాట చేర్చాలని ఉంది. మనం సాయంత్రం బీచ్ రోడ్డు మీద చల్లగాలికి తిరగడాన్ని వాహ్యాళి అంటాం. ఆ మాటకు సంస్కృతంలో మూలార్థం గుర్రాలను నడిపే బయలు. కళ్యాణి చాళుక్యరాజు మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్దంలో రాసిన మానసోల్లాసంలో రాజవినోదాలలో ఒకటిగా ఈ వాహ్యాళి వినోదం ఉంది. మైదానానికి తోరణాలు నిలిపి, గుర్రాల మీద రెండు జట్లు బంతిని కొట్టే ఆట వర్ణన అందులో ఉంది. అంటే గుర్రపు చెండాట దక్కనులో కూడా ఆడారు. ఇక్కడ ఆట పోయి మాట మాత్రం మిగిలింది, ఆ మాట కూడా గుర్రం దిగి కాలినడకకు వచ్చింది. ఇక్కడ అది రాజుగారి వినోదం కాబట్టి రాజుతోపాటే పోయిందనీ, అక్కడ వాడవాడకూ చెందినది కాబట్టి రాజు పోయినా నిలిచిందనీ నా అభిప్రాయం.


మద్దిలపాలెం విద్యార్థిని

మాస్టారూ, నాకు ఒక సందేహం. మా పోటీ పరీక్షల పుస్తకంలో పోలో ఇంగ్లండులో పుట్టిన ఆటల జాబితాలో ఉంది. అది తప్పా? తప్పయితే, మణిపూర్ ఆటకు పోలో అన్న పేరు ఎలా వచ్చింది? సగోల్ కాంగ్జై అన్న పేరే ప్రపంచమంతా ఎందుకు నిలవలేదు?


పెదవాల్తేరు మాస్టారు

అమ్మా, ఆ జాబితా తప్పు. పేరు మాత్రం నిజంగానే వేరే చోటి నుంచి వచ్చింది. హిమాలయాలకు ఆవల బాల్టిస్తాన్‌లో బంతిని పులు అంటారు; పోలో అన్నది ఆ మాటే. ఇరాన్‌లో ఈ ఆట పేరు చౌగాన్. ఢిల్లీ సుల్తాను కుతుబుద్దీన్ ఐబక్ 1210లో లాహోరులో చౌగాన్ ఆడుతూ గుర్రం మీద నుంచి పడి చనిపోయాడు. కాబట్టి గుర్రపు చెండాట ఆసియాలో చాలాచోట్ల ఉండేది. కాని ఈనాడు అర్జెంటీనా నుంచి ఇంగ్లండు దాకా ఆడుతున్న పోలోను ఇంగ్లీషువాళ్లు నేర్చుకున్నది మణిపురీల దగ్గరే. నేర్చుకున్న చోటు మాత్రం ఇంఫాల్ కాదు, అస్సాంలోని కచారు. ఆ కథ జవాను గారు చెబితేనే బాగుంటుంది.


గోపాలపట్నం మాజీ జవాను

చెబుతాను మాస్టారూ. అది సంతోషంగా చెప్పుకునే కథ కాదు.

1819లో బర్మా సైన్యం మణిపూర్‌ను ఆక్రమించింది. ఆ తరువాతి ఏడేళ్లను వాళ్లు చహి తరెత్ ఖుంతాక్పా అంటారు, ఏడేళ్ల విధ్వంసం అని అర్థం. లోయలో ఊళ్లకు ఊళ్లు ఖాళీ అయ్యాయి. చంపబడినవాళ్లు, బందీలుగా బర్మాకు తరలించబడినవాళ్లు పోగా, మిగిలినవాళ్లలో వేలమంది పడమటి కొండలు దాటి కచారు మైదానాలకు చేరారు. 1826లో బర్మాకూ ఇంగ్లీషువాళ్లకూ మధ్య యాండబూ సంధి జరిగాక కొందరు వెనక్కి వచ్చారు, చాలామంది అక్కడే స్థిరపడ్డారు. అన్నీ పోగొట్టుకుని వెళ్లిన ఆ జనం గుర్రాలనూ ఆటనూ మాత్రం వదలలేదు.

1850లలో కచారులో తేయాకు తోటలు వేస్తున్న రోజుల్లో జోసెఫ్ షెరర్ అనే యువ సైనికాధికారి, రాబర్ట్ స్టీవర్ట్ అనే జిల్లా అధికారి ఆ కాందిశీకుల ఆటను చూసి, వాళ్లతో కలిసి ఆడడం మొదలుపెట్టారు. 1859లో సిల్చార్‌లో తోటల యజమానులూ అధికారులూ కలిసి ఒక పోలో క్లబ్బు పెట్టుకున్నారు. తరువాత కొద్ది సంవత్సరాల్లోనే కలకత్తాలో క్లబ్బు వచ్చింది. 1864లో షెరర్ మణిపురీ ఆటగాళ్ల జట్టునొకదాన్ని కలకత్తాకు తీసుకువెళ్లి ఆడించాడు. 1869లో ఇంగ్లండులో మొదటి ఆట జరిగింది, 1876 నాటికి అమెరికా చేరింది. షెరర్‌ను నవీన పోలోకు పితామహుడంటారు. ఆయనకు ఆట నేర్పిన కచారు మణిపురీలలో ఒక్కరి పేరు కూడా ఆ బిరుదు పక్కన కనబడదు. అది నాకు ఎప్పుడూ బాధగానే ఉంటుంది.


ఎంవీపీ కాలనీ, విశ్రాంత బ్యాంకు ఉద్యోగిని

జవాను గారి మాటలు చదివాక మా అమ్మమ్మ గుర్తుకు వచ్చింది. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖ మీద బాంబులు వేసినప్పుడు ఆమెకు తొమ్మిదేళ్లు. ఊరు ఊరంతా మూటాముల్లె సర్దుకుని పల్లెలకు కదిలింది. వాళ్లు శృంగవరపుకోట దగ్గర బంధువుల ఇంట్లో కొన్ని నెలలు తలదాచుకున్నారు. ఆ రోజుల గురించి ఎప్పుడు అడిగినా ఆమె మొదట చెప్పేది, పట్నం పిల్లలు ఆ పల్లె పిల్లలకు నేర్పిన ఆటల గురించే. పెద్దవాళ్లకు ఇల్లూ బియ్యమూ దిగులు. పిల్లలు మాత్రం వెళ్లిన మొదటి సాయంత్రమే నేల మీద గీతలు గీశారట.

ఆ యుద్ధమే రెండేళ్ల తరువాత, 1944లో మార్చి నుంచి జూలై దాకా, ఇంఫాల్ లోయను చుట్టుముట్టింది. ఒకే యుద్ధం రెండు ఊళ్లనూ తాకింది కదా అని ఇప్పుడే తట్టింది. అంత జరిగిన తరువాత కూడా అక్కడ మళ్లీ గుర్రాలు మైదానంలోకి దిగాయంటే, ఆట ఆ జనానికి కాలక్షేపం మాత్రమే కాదన్నమాట.


అక్కయ్యపాలెం సభ్యుడు

నా మాట కొందరికి నచ్చకపోవచ్చు, అయినా మర్యాదగానే అడుగుతున్నాను. అంతర్జాతీయ కొలతల ప్రకారం పోలో మైదానం 300 గజాల పొడవు, 200 గజాల వెడల్పు దాకా ఉండవచ్చు. అంటే 60,000 చదరపు గజాలు, పన్నెండు ఎకరాల పైమాటే. మన ఊళ్లో వంద గజాల స్థలానికే ఎంత వెతుకులాటో అందరికీ తెలుసు. మన దగ్గర గుర్రం కొని పోషించగలిగేవాళ్లు ఎంతమంది? నగరం మధ్యలో అంత నేలను, ఎంత పాతదైనా సరే, కొద్దిమంది ఆడే ఆటకు కేటాయించడం న్యాయమేనా? అక్కడ ఆసుపత్రో బడో కడితే ఎక్కువమందికి ఉపయోగం కదా?


గోపాలపట్నం మాజీ జవాను

మీ ప్రశ్నలో తప్పేమీ లేదు, కాని అది మన ఊరి లెక్కతో ఆ ఊరిని కొలుస్తోంది. గుర్రం అక్కడ డబ్బున్నవాడి గుర్తు కాదు. పూర్వం మైతై రాజ్యంలో ప్రజలు పానాలు అనే విభాగాలుగా ఉండేవారు. రాజుకు చేయవలసిన సేవ వంతులవారీగా ఆ పానాల మీదనే పడేది, ఆటలో జట్లు కూడా ఆ పానాల పేరుతోనే ఉండేవి. అందుకే పాత పద్ధతి ఆటను ఈనాటికీ పానా అనే పిలుస్తారు. బ్రిటిష్ వాళ్లు 1892లో ఆ సేవా పద్ధతిని రద్దు చేశారు, అయినా పానా ఆట పోలేదు.

రెండో సంగతి, అది గుర్రాలతో బతికిన రాజ్యం. 18వ శతాబ్దంలో గరీబ్ నవాజ్ అనే మణిపూర్ రాజు కాలంలో మణిపురీ ఆశ్వికదళం బర్మా లోపలికి ఎన్నోసార్లు చొచ్చుకుపోయింది. పరుగెత్తే గుర్రం మీద నుంచి వెనక్కి తిరిగి విసిరే అరంబై అనే బల్లెపు ములుకు వాళ్ల ఆయుధం. అటువంటి సైన్యానికి రౌతులు ఎక్కడ తయారవుతారు? పొలం పనులు లేని రోజుల్లో ఈ మైదానంలోనే. గుర్రాన్ని ఒక చేత్తో తిప్పుతూ రెండో చేత్తో బంతి కొట్టగలిగినవాడు, అవసరం వస్తే ఆ చేత్తోనే అరంబై విసరగలడు. కాబట్టి ఊరివాళ్ల ఆట ఊరి రక్షణ కూడా అయింది. ఆ బయలును ఇళ్లకు ఇవ్వడమంటే పూర్వం కోటగోడను ఇళ్లకు ఇవ్వడం లాంటిదే.

ఈనాడు ఆ అవసరం లేదంటారు, నిజమే. అయినా మీ ఇంట్లో పూజగది ఎన్ని గజాలుందో ఎవరైనా లెక్కగట్టి అడిగితే మీరేం చెబుతారో, ఇంఫాల్ పెద్దలు కూడా అదే చెబుతారు.


పెదవాల్తేరు మాస్టారు

మన జిల్లాల నుంచే పోలిక తెచ్చుకోవచ్చు. విజయనగరం కోట ఎదుట బొంకులదిబ్బ ఉంది కదా. కోటలోని సందడికి మించిన సందడి అక్కడ బజారులోనే ఉండేది. పైడితల్లి అమ్మవారి సిరిమాను మూడు లాంతర్ల నుంచి కోట దాకా తిరిగే రోజున ఆ నేల మొత్తం జనానిదే. ఆ దారిలో ఎవరైనా గోడ కడతామంటే ఊరు ఊరుకుంటుందా? కోట వాకిట ఖాళీ నేల ఎప్పుడూ ఖాళీగా ఉండదు. ఏడాదిలో కొన్ని రోజులు నిండుగా ఉండడానికి మిగతా రోజులు ఎదురుచూస్తుంది.

ఇంఫాల్‌లో కూడా ఆ మైదానానికి నడకదూరంలోనే ఇమా కైతెల్ ఉంది. తల్లుల బజారు అని అర్థం. పూర్తిగా ఆడవాళ్లే నడిపే అంగడి అది. లాసన్స్ బే వారి పక్కన ఆకుకూరల బుట్టతో కూర్చున్న అమ్మ అక్కడి నుంచే వచ్చి ఉంటుంది.


లాసన్స్ బే వాసి

అవును మాస్టారూ, అక్కడి నుంచే వచ్చానని చెప్పింది. ఆ మైదానం పక్కనే టికేంద్రజిత్ పేరుతో ఒక ఉద్యానవనమూ, అందులో అమరవీరుల స్తూపమూ చూశాను. మైదానానికీ ఆయనకూ సంబంధం ఏమిటో ఎవరైనా చెబుతారా?


గోపాలపట్నం మాజీ జవాను

టికేంద్రజిత్ మణిపూర్ యువరాజు, సేనాపతి. పోలోలో ఆయనకు సాటి లేరని చెప్పుకుంటారు. 1891 మార్చిలో ఆయనను పట్టుకోవడానికి అస్సాం చీఫ్ కమిషనరు క్వింటన్ సైన్యంతో వచ్చాడు. ఆ ఘర్షణలో క్వింటనూ మరికొందరు అధికారులూ చనిపోయారు. దాని మీద బ్రిటిష్ వాళ్లు మూడు దిక్కుల నుంచి సైన్యాలు పంపారు. ఏప్రిల్ 23న ఖోంగ్జోంలో మణిపురీలు చివరిదాకా పోరాడి ఓడిపోయారు, ఆ నెలాఖరులోపే కాంగ్లా కోట చేతులు మారింది. ఆగస్టు 13న టికేంద్రజిత్‌నూ, వృద్ధుడైన థాంగాల్ జనరల్‌నూ జనం అందరి ఎదుట ఉరితీశారు. ఆ చోటే మీరు చూసిన ఉద్యానవనం. తెల్లబట్టలు కట్టుకున్న వేలమంది ఆడవాళ్లు ఆ రోజు అక్కడికి వచ్చారని అక్కడి పెద్దలు చెబుతారు.

ఆ తరువాత కోట నూరేళ్లకు పైగా సైన్యం చేతిలోనే ఉంది. స్వాతంత్ర్యం వచ్చాక కూడా అస్సాం రైఫిల్స్ అందులోనే ఉండేది. 2004 నవంబరు 20న ప్రధాని మన్మోహన్ సింగ్ వచ్చి దాన్ని రాష్ట్ర ప్రజలకు అప్పగించారు. నా ఉద్యోగపు రోజుల్లో లోపలి మైదానం ఊరివాళ్లకు అందని చోటు. రాజుల మైదానం గోడల వెనుక ఉండిపోయిన ఆ కాలమంతా జనం బయటి మైదానంలో ఆడుతూనే ఉన్నారు. లాసన్స్ బే వారూ, ఎవరు కాపాడారన్న మీ ప్రశ్నకు నేను చెప్పగలిగిన జవాబు ఇదే.


కంచరపాలెం పశువైద్యుడు

ఇంతవరకు మైదానం గురించీ మనుషుల గురించీ మాట్లాడుకున్నాం. గుర్రం గురించి నేను కొంచెం చెబుతాను, ఎందుకంటే అసలు ప్రమాదం అక్కడ ఉంది.

మణిపురీ పొట్టిగుర్రం ఎత్తు సుమారు 11 నుంచి 13 చేతులు. గుర్రాల కొలతలో చేయి అంటే నాలుగు అంగుళాలు, కాబట్టి భుజం దగ్గర 44 నుంచి 52 అంగుళాలు. మన బీచ్‌లో పిల్లలను ఎక్కించుకుని తిరిగే గుర్రాలు చాలావరకు అంతకంటె ఎత్తుంటాయి. ఒళ్లు చిన్నదైనా దాని గిట్టలు గట్టివి, ఊపిరి పెద్దది, చిత్తడిలోనూ కొండలోనూ ఒకేలా నడుస్తుంది, ఉన్నచోటనే గిర్రున తిరుగుతుంది. పోలోకు కావలసిన గుణాలన్నీ ఇవే. తరువాత ఇతర దేశాలవాళ్లు పెద్ద గుర్రాలకు మారారు. మొదటి ప్రపంచయుద్ధం తరువాత ఎత్తు పరిమితిని తీసివేశారు. అయినా ఈనాటికీ ఎంత పొడవాటి పందెపు గుర్రాన్నైనా పోలో మైదానంలో పోనీ (ఇంగ్లీషులో పొట్టిగుర్రం) అనే పిలుస్తారు. ఆ మాటలో మణిపూర్ గుర్రం దాగి ఉంది.

ఇప్పుడు లెక్క చూడండి. 2003 పశుగణనలో ఈ జాతి గుర్రాలు సుమారు 1,900 ఉన్నాయి. 2012 నాటికి సుమారు 1,100కు పడిపోయాయి. 2013లో రాష్ట్ర ప్రభుత్వం దీన్ని అంతరించే ప్రమాదంలో ఉన్న జాతిగా ప్రకటించింది, 2016లో సంరక్షణకు ఒక విధానం తెచ్చింది. తగ్గడానికి పెద్ద కారణం రోగం కాదు, మేత. జవాను గారు చెప్పినట్టు ఈ గుర్రాలను కట్టివేసి పెంచరు, చిత్తడి నేలల్లో వదిలేస్తారు. లాంఫెల్‌పాట్ వంటి ఆ చిత్తడి నేలలు ఒక్కొక్కటే కట్టడాల కిందికి పోయాయి. మేత దొరకని గుర్రం రోడ్డు మీదికి వస్తుంది. అక్కడ బండి గుద్దుతుంది, లేదా చెత్తకుప్పలో ప్లాస్టిక్ సంచి తింటుంది. ప్లాస్టిక్ పేగులో అడ్డుపడిన గుర్రం ఎంత బాధపడి చనిపోతుందో నా వృత్తిలో చూశాను. ఆవు నెమరు వేస్తుంది, దాని పొట్టలో సంచి కొన్నాళ్లు ఉండిపోగలదు. గుర్రానికి వాంతి చేసుకునే వీలు కూడా లేదు.

అక్కయ్యపాలెం సోదరుడు మైదానపు గజాలు లెక్కగట్టారు. మైదానానికి గోడా పేరూ ఉన్నాయి, దాన్ని ఎవరూ అంత తేలికగా తీసుకోలేరు. మేత నేలకు గోడ లేదు, పేరు లేదు. కాపాడవలసిన గజాలు అక్కడ ఉన్నాయి.


అక్కయ్యపాలెం సభ్యుడు

డాక్టరు గారూ, ఈ కోణం నాకు తట్టలేదు. మైదానాన్ని ఒక్కదాన్ని విడిగా చూసి అడిగాను. మేత నేలా, గుర్రమూ, పాలు పోసే ఆయనా, ఆటా ఒకే గొలుసు అయినప్పుడు నా లెక్క సరిపోదని ఒప్పుకుంటున్నాను. ఒక సందేహం మిగిలింది. గుర్రాన్ని కొత్త తరం ఎందుకు పెంచుతుంది? సైన్యానికి అక్కరలేదు, బండికి అక్కరలేదు. ఆటలో డబ్బు ఉందా?


మద్దిలపాలెం విద్యార్థిని

దీనికి నేను జవాబు చెప్పవచ్చా? ఈ చర్చ మొదలయ్యాక నేను కొంత చదివాను. అక్కడ ఆడపిల్లలు పోలో ఆడుతున్నారు! 2016 నుంచి జనవరి నెలల్లో, మణిపూర్ రాష్ట్రావతరణ దినమైన 21వ తేదీ సమయంలో, ఆడవాళ్ల పోలో పోటీలు ఈ మైదానంలోనే పెడుతున్నారు, విదేశీ జట్లు కూడా వచ్చి ఆడాయి. నవంబరులో, అక్కడి పర్యాటక వేడుక అయిన సంగాయి ఉత్సవం రోజుల్లో, అంతర్జాతీయ పోటీలు కూడా జరిగేవి. అన్నింటిలోకి నాకు నచ్చినది, బయటి దేశాల వాళ్లు కూడా అక్కడికి వస్తే ఆ పొట్టిగుర్రాల మీదనే ఆడాలి. ఆరడుగుల మనిషి కాళ్లు నేలకు దగ్గరగా వేలాడుతుండగా, ఇంఫాల్ అమ్మాయి బంతి తీసుకుని పక్కనుంచి దూసుకుపోతుంటే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

డబ్బు పెద్దగా లేదని చదివాను. గుర్రం కొనలేని అమ్మాయిలు క్లబ్బు గుర్రాలతో, తెలిసినవాళ్ల గుర్రాలతో నేర్చుకుంటున్నారు. నేను కాలేజీ హాకీ జట్టులో ఉన్నాను. కర్ర ఒకరిది, బూట్లు ఒకరివి అడిగి తెచ్చుకుని ఆడడం నాకూ తెలుసు. అందుకని వాళ్లు ఎందుకు ఆడుతున్నారన్నది నాకు వింతగా అనిపించలేదు.


గోపాలపట్నం మాజీ జవాను

బాగా చెప్పావమ్మా. ఇటీవలి కాలంలో మణిపూర్ ఎంత కష్టంలో ఉందో అందరికీ తెలుసు. 2023 మేలో జాతుల మధ్య ఘర్షణలు మొదలైన తరువాత అక్కడి నా స్నేహితులకు ఫోను చేసినప్పుడల్లా మొదట మనుషుల క్షేమం, తరువాత గుర్రాల క్షేమం అడుగుతాను. రెండోది అడిగినప్పుడే వాళ్ల గొంతు కొంచెం తేలికపడుతుంది.

నేను బదిలీ అయి వచ్చేస్తున్నప్పుడు మా పాలాయన ఒక బంతి ఇచ్చాడు. వెదురు దుంపను చెక్కి నునుపు చేసినది, తెల్లరంగు సగం పోయింది, ఒకవైపు దెబ్బలకు నొక్కుకుపోయింది. ఇన్నేళ్లూ మా ఇంట్లో దేవుడి పటాల కింద పెట్టె మీద ఉంది. మాస్టారూ, ఆదివారం ఉదయం మీరు ఇంట్లో ఉంటే తీసుకువస్తాను. హాకీ అమ్మాయిని కూడా రమ్మనండి. దాన్ని చేతిలో పట్టుకుంటే ఎంత తేలికగా ఉంటుందో, గుర్రం మీద నుంచి కొట్టినప్పుడు ఎందుకంత దూరం పోతుందో ఆమెకే ముందు అర్థమవుతుంది.


పెదవాల్తేరు మాస్టారు

తప్పకుండా రండి. ఎనిమిది గంటలకల్లా వస్తే కలిసి టిఫిను చేద్దాం. డాక్టరు గారూ, లాసన్స్ బే వారూ, అక్కయ్యపాలెం వారూ, ఎంవీపీ అమ్మగారూ, మీరూ రావాలి. మా వీధి చివర పిల్లలు ఆడుకునే చిన్న ఖాళీ స్థలం ఉంది, బంతిని అక్కడ ఒకసారి కొట్టి చూద్దాం.